బదులు నిలబడిన మనిషి

రేపల్లె పాసింజరు తెనాలి స్టేషన్లో ఇంకా కదలనే లేదు, మాణిక్యమ్మ మనసు మాత్రం అప్పటికే రెండుసార్లు రేపల్లె వెళ్ళి వచ్చేసింది. వెళ్ళిన రెండుసార్లూ ఎక్స్‌రే ఫొటోలు తీసే ఆ పిల్ల ముందు నిలబడి, నోరు తెరిచి, ఎండ బాగా ముదిరిందమ్మా అనో, మీ బాపట్లలో మంచినీళ్ళు దొరుకుతున్నాయా అనో అడిగి, అసలు మాట మింగేసి తిరుగు బండి ఎక్కేసింది. ఏభై ఏళ్ళ మనిషి, అంగలకుదురు ఆడకూలీల ముఠాకి పెద్ద, ఆమె గొంతు విప్పితే గట్టు మీద రైతులు రెండడుగులు వెనక్కి వేస్తారు. అలాంటి మనిషికి ఒక్క మాట గొంతు దాటడం లేదు. అదేమైనా పెద్ద మాటా? అమ్మాయ్, ఆ రోజు పున్నమ్మనని చెప్పి ఫొటో తీయించుకున్నది పున్నమ్మ కాదు, నేను. అంతే. ఎదురు సీట్లో, కిటికీ పక్కన కూర్చున్న అసలు పున్నమ్మ, ఆమె చిన్న తోడికోడలు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మాణిక్యమ్మ తన మూతికున్న మాస్కు సర్దుకుంది. దగ్గేది ఆవిడ, జబ్బు ఈవిడకి. చూసేవాళ్ళకి ఇదేం తిరకాసో అంతుపట్టదు. బండి ఒక్క కుదుపు కుదిపి బయలుదేరింది.

తిరకాసంతా ఆ బదులులోనే ఉంది. ముఠాలో బదులు వెళ్ళడం ఎవరూ తప్పనుకోరు. నాట్ల రోజున ఒకామె బిడ్డకి జ్వరమొస్తే ఆమె తోడికోడలో ఆడపడుచో వచ్చి ఆమె వరసలో వంగుతుంది, సాయంత్రం ఆ పేరు పిలిస్తే ఈమె పలుకుతుంది, రైతుకి కావాల్సింది వంగిన నడుమే గాని పేరు కాదు. పున్నమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టి పద్దెనిమిదేళ్ళు. అప్పటికి ఆమెకి ఇరవై, బియ్యంలో రాళ్ళు ఏరడం తప్ప ఇంకో పని రాదు, అరిచి మాట్లాడితే కళ్ళలో నీళ్ళు. ఆనాటి నుంచీ మాణిక్యమ్మ ఆమె బదులు రేషన్ వరసలో నిలబడింది, బళ్ళో తల్లిదండ్రుల మీటింగులో కూర్చుంది, కరెంటాఫీసులో కేకలేసింది, ఒకసారి చర్చి స్త్రీల సమాజంలో పున్నమ్మ వంతు బైబిలు వాక్యం కూడా తనే చదివింది. మాణిక్యమ్మ భర్త పోయిన ఏడు పున్నమ్మ కూడా తక్కువ తినలేదు లెండి, మూడు నెలలు ఆమె బదులు మినుము చేలోకి వెళ్ళింది. అదిగో, చినరావూరు దాటాక రెండు వైపులా మినుము పీకేసిన చేలు, మధ్యలో నిలువెత్తు మొక్కజొన్న. ఆ చేలలో ఎవరి పేరు మీద ఎవరు వంగారో ఆ దేవుడు కూడా తికమకపడతాడు. అలా అలవాటైన కాళ్ళు, పోయిన మంగళవారం కూడా వాటంతట అవే నడిచాయి.

అంతకు ముందు ఆదివారం ఆరాధన చివర దీవెన అయ్యాక పాస్టరు అయ్యగారు ప్రకటన చేశారు. మంగళవారం మన చర్చి వసారాలో క్షయ పరీక్ష, దగ్గు ఉన్నా లేకపోయినా అందరూ రావాలి అని. దగ్గు లేనివాళ్ళు దేనికో, ఆకలి లేకుండా భోజనానికి పిలిచినట్టు, అనుకుంది మాణిక్యమ్మ. కానీ ఆమె చూపు పక్కనే ఉన్న పున్నమ్మ మీద పడింది. మూడు వారాల నుంచి ఆ దగ్గు. బళ్ళో ఎనభై మందికి మధ్యాహ్న భోజనం వండుతుంది, పొయ్యి పొగ అక్కా అంటుంది. పొగే కావచ్చు. కాకపోతే? ఆ జబ్బని బయటపడితే వండనిస్తారా, ఏ తల్లయినా ఆ అన్నం బిడ్డని ముట్టుకోనిస్తుందా? మంగళవారం పొద్దున్నే, పరీక్షకి పేరు రాసిచ్చిన చీటీని పున్నమ్మ చేతిలోంచి లాక్కుని, నువ్వు వంటకి పో, దీని సంగతి నేను చూసుకుంటా అంది. తన చీటీ చాప కింద దోపింది. ఆమె లెక్క చాలా తేలిక. తనకి దగ్గు లేదు, జ్వరం లేదు, బస్తా ఎత్తినా ఎత్తినట్టే ఉండదు. శుభ్రమైన ఛాతీ ఫొటో ఒకటి పున్నమ్మ పేరు మీద పడిపోతే ఇక ఆ పిల్ల జోలికి ఎవరూ రారు. మన బదులు ఆ ప్రభువు నిలబడ్డాడని ఈ లెంటు ఉపవాస రోజుల్లో అయ్యగారు ప్రతి శుక్రవారం చెబుతూనే ఉన్నారు కదా. ఆయనకి చెల్లింది. మాణిక్యమ్మకి చెల్లలేదు.

ఆ ఎక్స్‌రే పిల్ల పేరు జెస్సీ, బాపట్ల అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టూ ఊళ్ళకి తిరిగే ఏదో సేవాసంస్థ బండిలో వచ్చింది. ఎక్స్‌రే అంటే గది నిండా ఇనుము, చీకటి, చల్లటి పలక అనుకున్న మాణిక్యమ్మకి, ఆ పిల్ల భుజానికి తగిలించుకున్న సంచిలోంచి పెళ్ళి ఫొటోలవాడి కెమెరా కంటే కాస్త పెద్దదాన్ని తీసి స్టాండుకి బిగిస్తుంటే నవ్వొచ్చింది. గోడకి ఒక పలక, బల్ల మీద ఒక కంప్యూటరు, ఎండపడకుండా దానికో నల్లగుడ్డ. అయిపోయింది ఆస్పత్రి. వయసెంతండి అని అడిగింది. ముప్పై ఎనిమిది అంది మాణిక్యమ్మ, పన్నెండేళ్ళు చీర దులిపినట్టు దులిపేసి. ఆ పిల్ల తలెత్తి ఒక్క క్షణం చూసింది. ఎండలో పనమ్మా, అంది మాణిక్యమ్మ. ఆ పిల్ల రాసేసుకుంది. జాకెట్టుకున్న పిన్నీసు తీయించింది, మెళ్ళో సిలువ తాడు తీయించింది, పలకకి ఛాతీ ఆనించి భుజాలు ముందుకి వంచింది. ఆ వేళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయి. గాలి బాగా పీల్చండి, బిగబట్టండి. బిగబట్టింది. ఇక వదలండి. అంతే! వడ్లు చెరిగేటప్పుడు ఒక్కసారి చేట ఎగరేసినంత సేపు కూడా పట్టలేదు.

జంపనిలో బండి ఆగింది, ఎవరో మజ్జిగ మిరపకాయల మూట ఎక్కించారు. పున్నమ్మ ఒళ్ళో ఫోను మోగింది. పేరు చూసి ఆమె ముఖం పాలిపోయింది. హెడ్ మిస్ట్రెస్ బాలసరస్వతి టీచరు. మోగనిచ్చి మోగనిచ్చి, చివరికి తీసింది. "ఏంటి పున్నమ్మా, జ్వరం తగ్గిందా? కోటేశ్వరమ్మ వండుతోందిలే, తొందరేం లేదు. పిల్లలు మాత్రం నీ పప్పు ఏదని నన్ను చంపుతున్నారు," అని ఇటు సీటు దాకా వినిపించింది. "తగ్గిందండి, రెండు రోజుల్లో వస్తానండి," అని పున్నమ్మ ఫోను పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జ్వరమని చెప్పి నాలుగు రోజులైంది ఆమె బడికి వెళ్ళి. శుక్రవారం ఎక్స్‌రే పిల్ల ఫోను చేసినప్పుడు ఆమె గుండిగలో గరిటె తిప్పుతోందట. పున్నమ్మగారేనా అండి, మీ కఫం పరీక్షలో టీబీ వచ్చిందండి, కంగారుపడకండి, మందులతో పూర్తిగా తగ్గిపోద్దండి, రేపే వచ్చి మొదలుపెట్టాలండి. గరిటె గుండిగలోనే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చింది. అక్కా నీకు, నీకు అక్కా, అంటూ ఏడ్చింది. మాణిక్యమ్మ ఏడవలేదు. ఆమెకి ఆ సంగతి మంగళవారమే తెలుసు.

తెలుసంటే, కంప్యూటరు తెర మీద చూసింది. ఆ పిల్లే రమ్మని చూపించింది, ఏదీ దాచలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఎముకలు, చేటకి అల్లిన వెదురు బద్దల్లా వరసగా. అబ్బ, ఏభై ఏళ్ళు మోసిన ఒళ్ళు, లోపలెలా ఉంటుందో ఒక్కనాడూ చూడలేదు కదా అని మురిసిపోతోంది మాణిక్యమ్మ. అంతలో ఆ ఎముకల మీద కుడివైపు పైన, ఎవరో కుంకం అద్దినట్టు ఎర్రగా ఒక మచ్చ పడింది, చుట్టూ పసుపు. ఎవరమ్మా రంగు వేసింది అంటే, కంప్యూటరేనండి, దాన్ని ఏఐ అంటారు, లక్షల మంది ఫొటోలు చూపించి నేర్పించారు దానికి, మా కంటికి జారిపోయే చిన్న నీడని కూడా పట్టుకుంటుంది, ఎక్కడ అనుమానమో అక్కడ రంగేస్తుంది, జబ్బో కాదో కఫం పరీక్ష చెబుతుంది అంది. లక్షల మంది. అంతమందీ ఎప్పుడో ఎక్కడో గాలి పీల్చి బిగబట్టి ఉంటారు. ఎవరెవరో, ఏ దేశం వాళ్ళో, బతికున్నారో లేదో, వాళ్ళందరి రొమ్ముల లోపల చూసి చూసి, ఆ చూపుతో అంగలకుదురు చర్చి వసారాలో ఒక కూలి మనిషిలోకి తొంగిచూసింది అది. దగ్గు కూడా లేని మనిషిలోకి. మాణిక్యమ్మకి ఆ నిమిషంలో భయం కంటే ముందు కలిగింది మర్యాద. పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడాలనిపిస్తుందే, అలాంటిది. భయం వెనకాలే వచ్చింది, ఆ మచ్చని గుర్తుపట్టాక.

వేమూరు పోయింది. ఇక్కడి నుంచి గాలి మారుతుంది, తడి ఎక్కువ. ఈ దారినే, ఇదే బండిలో, అమ్మని తెనాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు నాన్న. పల్లికోన దగ్గర వాళ్ళ ఊరు. మాణిక్యానికి తొమ్మిదేళ్ళు. వచ్చేటప్పుడు నాన్న చేతిలో పెద్ద గోధుమరంగు కవరు. అమ్మకి పశువుల కొట్టంలో మంచం, విడిగా ఒక సత్తుగ్లాసు. దగ్గరికి పోతే మాణిక్యం వీపు విమానం మోతే. ఆ జబ్బుకి ఇంట్లో పేరు లేదు, మీ అమ్మకి బాగాలేదు అనేవాళ్ళు. సూదులు వేయించారు, నెలన్నరకి దగ్గు తగ్గింది, తగ్గింది కదా అని నాన్న తీసుకెళ్ళడం మానేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, తగ్గినదాన్ని తగ్గలేదని ఆయన ఎలా నమ్ముతాడు? మళ్ళీ చలికాలానికి అమ్మ లేదు. చూరులో దోపిన ఆ కవరు మాణిక్యానికి దొరికింది. లోపలి నల్లరేకుని ఎండకి అడ్డం పెట్టి చూస్తే ఎముకలు, కుడివైపు పైన దూది పింజంత తెల్లదనం. మూలన ఏవో అక్షరాలున్నాయి, అమ్మ పేరేనేమో, కానీ ఇంగ్లీషువి, చదవలేకపోయింది. ఇదే అమ్మ అని మేనత్త చెప్పింది. అమ్మకి వేరే ఫొటో లేదు. చాలా రోజులు ఆ రేకుని ఎండకి పట్టి చూసుకునేది, ముఖం ఉండాల్సిన చోట రేకు అయిపోయేది. ఒక గాలివానకి ఇంటి కప్పుతో పాటే అదీ పోయింది. మళ్ళీ నలభై ఏళ్ళకి అదే చోట, అదే వైపు, ఈసారి ఎర్రగా. కఫం ఎలా తీయాలో ఆ పిల్ల చూపిస్తుంటే, పొట్టలోంచి దగ్గాలండి అని తనే దగ్గి చూపిస్తుంటే, మాణిక్యమ్మకి తొమ్మిదేళ్ళ పిల్లలా ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుని నా పేరు పున్నమ్మ కాదని చెప్పాలనిపించింది. కానీ కఫానికిచ్చిన డబ్బా తీసుకుని చర్చి వెనక్కి వెళ్ళిపోయింది.

"అక్కా," అంది పున్నమ్మ. భట్టిప్రోలు దగ్గరపడుతోంది. "నేనొకటి అనుకున్నా. కోప్పడకు." ఆమెకి కోపమంటే ఇప్పటికీ బెదురు. "నా పేరు ఎటూ ఎక్కేసింది. ఎక్కనీ. మాత్రలు నా పేరు మీదే తెచ్చుకుందాం, నువ్వు మింగు. ఆర్నెల్లే కదా. టీచరుగారికి తెలిస్తే నాకే మాట వచ్చిద్ది, నీకు రాదు. నా బదులు నువ్వు ఎన్నిసార్లు నుంచున్నావు. ఈ ఒక్కసారి నీ బదులు నేను పేరు మోస్తా."

మాణిక్యమ్మ గుండె చెరువైపోయింది. ఈ పిచ్చిది నాలుగు రోజులుగా బడి మానుకుని కూర్చుని ఆలోచించింది ఇదా! తెనాలిలో తెలిసినవాళ్ళు చూస్తారు, ఇవాళ ఆ పిల్ల రేపల్లెలో ఉంటుందట, ఆమె దగ్గరే మాత్రలు తీసుకుందాం, నాకు తోడు రా, అని చెప్పి బండెక్కించింది తను. అంతకు మించి చెప్పలేదు. రెండో మాట దాచింది. నిజానికి పున్నమ్మ చెప్పింది జరగని పనేం కాదు. పేరు ఆమెది, మింగేది తను, ఎవరికి తెలుస్తుంది? ఆశ ఒక్క నిమిషం మాణిక్యమ్మ పక్కనే సీట్లో కూర్చుంది కూడా. ఆమె చెబుదామనుకున్న మాటలన్నీ పోయి వేరే మాట వచ్చింది.

"నీకూ ఉంటే?"

పున్నమ్మకి అర్థం కాలేదు.

"నీకూ ఉంటే నీ మాత్రలు ఎవరి పేరు మీద వస్తయ్యే? నీ పేరు మీద వచ్చినయ్యి నేను మింగేస్తా. మరి నీకెవరిస్తారు? నీకు పరీక్ష అయిపోయిందని రాసేసుకున్నారు వాళ్ళు. నీ దగ్గు నేను దగ్గలేనే పిచ్చిదానా. అన్నిట్లో నీ బదులు నుంచున్నా గాని, నీ ఊపిరి నేను పీల్చలేను."

పున్నమ్మ ఒక్కసారి వెనక్కి వాలింది. "అయితే నన్ను ఫొటోకే తీసుకొస్తున్నావా? చెప్పకుండా?"

"చెబితే వచ్చేదానివా?"

పున్నమ్మ ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. పల్లికోన వచ్చింది, ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. మాణిక్యమ్మ ఆ ప్లాట్‌ఫారం వంక చూడకుండా తోడికోడలి మెడ మీద నరం వంకే చూస్తూ కూర్చుంది. తిడుతుందేమో అనుకుంది, తిడితే బాగుండుననుకుంది. దిగి తిరుగు బండి ఎక్కేస్తే? ఎక్కేస్తే తనేం చేయగలదు, చెయ్యి పట్టి లాగుతుందా? నాన్న చేయి అమ్మని లాగలేదే. రేపల్లె వచ్చింది. బండి ఆగాక పున్నమ్మ చెంగు నడుముకి దోపుకుని, మాణిక్యమ్మ కంటే ముందు దిగి, "ఏ వైపు?" అంది. ఆ గొంతులో కోపం అలాగే ఉంది.

బజారు వెనక మునిసిపల్ బడి వసారా. అదే పలక, అదే నల్లగుడ్డ, అదే పిల్ల. వరసలో పాతికమంది దాకా ఉన్నారు, చేపల గంపలు పక్కన పెట్టి కొందరు, చంకన బిడ్డలతో కొందరు. జెస్సీ మాణిక్యమ్మని చూడగానే గుర్తుపట్టి, "పున్నమ్మగారూ, మీకోసం ఎన్నిసార్లు ఫోన్ చేశానండీ, మందులు మొదలుపెట్టారా?" అని లేచి వచ్చింది. మాణిక్యమ్మ మాస్కు పైకి లాక్కుంది. మనసులో రెండుసార్లు వచ్చి వెళ్ళినప్పటిలాగే, ఎండ బాగా ముదిరిందమ్మా, అని నాలుక చివరి దాకా వచ్చింది.

"పున్నమ్మని నేనండి," అంది పక్కనుంచి పున్నమ్మ. చాలా మెల్లగా, కాని వరసంతా వినబడేలా. "ముందు నాకు తీయండి."

జెస్సీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏదో అడగబోయి, దగ్గు ఎన్నాళ్ళ నుంచని మాత్రం అడిగింది; మూడు వారాలండి, పొయ్యి పొగండి, అంది పున్నమ్మ. ఆ పిల్ల పున్నమ్మ చేత పిన్నీసులు తీయించి పలక దగ్గర నిలబెట్టింది. గాలి బాగా పీల్చండి, బిగబట్టండి. దూరంగా నిలబడ్డ మాణిక్యమ్మ కూడా పీల్చింది, బిగబట్టింది. ఆ పిల్ల వదలండి అన్నా ఆమె వదలలేదు. తెర మీద ఎముకలు తేలాయి, సన్నటి ఎముకలు, ఇరవై ఏళ్ళ పిల్లవే అన్నట్టు. ప్రభువా, రంగు వేయకు. ఏయ్ కంప్యూటరూ, నీకు లక్షలమంది తెలుసంట కదా, మా పిల్లని బాగా చూసి చెప్పు, తొందరపడకు. రంగు పడలేదు. జెస్సీ వంగి చూసింది, మళ్ళీ చూసింది. "నీడేం లేదండి. దగ్గు మూడు వారాలంటున్నారు కాబట్టి కఫం ఇచ్చి వెళ్ళండి, డాక్టరుగారు పొగ సంగతి కూడా చూస్తారు. ఫొటో మాత్రం బాగుంది." మాణిక్యమ్మ అప్పుడు వదిలింది గాలి. మాస్కు లోపల ముఖమంతా తడిసిపోయింది, చెమటో ఏంటో.

పున్నమ్మ సంతోషపడలేదు. జాకెట్టు సర్దుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడి, "ఇక నువ్వు చెప్పక్కా," అంది.

చెప్పింది. వరసంతా వింటుండగా చెప్పింది, గట్టు మీద గొంతుతో. చీటీ లాక్కున్న దగ్గర్నుంచి, వయసు దులుపుకున్న దగ్గర్నుంచి, చాప కింద దోపిన తన చీటీ దాకా. చేపల గంపామె ఒకావిడ నోరు నొక్కుకుంది. జెస్సీ ముఖంలో రంగు పోయింది. "అంటే ఇన్ని రోజులు మందు లేకుండా తిరుగుతున్నారా?" అంది, తిట్టినట్టే. ఆ తిట్టు మాణిక్యమ్మకి ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. "దగ్గు రాకముందే దొరికిందండి మీకు. అది అదృష్టం. ఆర్నెల్లు ఒక్క రోజు కూడా మానకూడదు. తగ్గినట్టుంది కదా అని అసలు మానకూడదు." తెలుసమ్మా, అంది మాణిక్యమ్మ. ఆ ముక్క నాకు తెలిసినంత నీకు కూడా తెలియదు, అనుకుంది. "ఈ రిపోర్టు పున్నమ్మగారి పేరు మీదుంది, ఇలా మార్చడానికి లేదండి. మీ పేరు మీద మళ్ళీ తీసి, మళ్ళీ కఫం తీసుకుని, మా డాక్టరుగారితో ఇప్పుడే మాట్లాడతాను." ఆపైన ఆ పిల్లకి నవ్వాగలేదు. "ముప్పై ఎనిమిది అన్నప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ."

మాణిక్యమ్మ సిలువ తాడు తీసి పున్నమ్మ చేతిలో పెట్టింది. పలకకి ఛాతీ ఆనించింది. చల్లగా ఉంది. గాలి పీల్చింది, బిగబట్టింది, వదిలింది. తెర మీద తన ఎముకలు మళ్ళీ తేలాయి, ఆ మచ్చ కూడా తేలింది, పోయిన మంగళవారం సరిగ్గా ఎక్కడ ఎర్రబడిందో అక్కడే, అంతే. దానికి ముఖం చూసే పని లేదు, చీటీ చదివే పని లేదు, పేరు మారినా అది మాట మార్చలేదు. ఎంత నిజాయితీ గల కన్నురా నీది, అని దానికి చెబుదామనిపించింది. తెర మూలన చిన్న ఖాళీలో గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఇక్కడ ఏం రాస్తారమ్మా?"

"పేరండి. మాణిక్యమ్మ అని కొట్టనా?"

"తెలుగులో వచ్చిద్దా?"

"వస్తుందండి."

పున్నమ్మ వచ్చి పక్కన నిలబడి, ఆమె భుజం మీద చెయ్యేసింది. మాణిక్యమ్మ తెర మూలన ఆ ఖాళీ వంక చూసింది, అమ్మ రేకులో ఇంగ్లీషు అక్షరాలున్న చోటే అది.

"ఇంటిపేరుతో సహా రాయమ్మా," అంది. "నేను చదువుకుంటా."